పాత సంక్షోభం ఉన్న సంస్థకు కొత్తది వచ్చిపడితే: పాతదాన్ని మనమే ఎత్తాలా, ఊరుకోవాలా?

డ్రాఫ్ట్_ఏడు (ప్రశ్న):

సంక్షోభం వచ్చినప్పుడు వాడే కమ్యూనికేషన్ ప్లాన్‌ను తిరగరాసే పని నడుస్తోంది. సంస్థకు ఒక పాత కేసు ఉంది. కొన్నేళ్ల కిందట బయటి వెండర్ సర్వర్ నుంచి కస్టమర్ల వివరాలు లీకయ్యాయి. అప్పట్లో క్షమాపణ చెప్పి, ఐదు హామీలు ఇచ్చారు. గొడవ సద్దుమణిగింది. ఆ ప్రకటనలు రాసినవాళ్లు ఇప్పుడు ఎవరూ సంస్థలో లేరు.

రేపు ఇంకో లీకో, సర్వీసు ఆగిపోవడమో, దీనితో సంబంధమే లేని ప్రమాదమో జరిగితే పాత కేసు ఎంతవరకు అడ్డొస్తుంది? యాజమాన్యం మాట: "ఈసారి తప్పు మనది కాకపోతే పాతది లెక్కలోకి రాదు." లీగల్ వాళ్ల మాట: "పాతదాని ఊసే ఎత్తొద్దు." పీఆర్ ఏజెన్సీ మాట: "విలేకరులు అడగకముందే మొదటి ప్రకటనలోనే చెప్పేయండి." ముగ్గురూ ఒక్కో దిక్కు లాగుతుంటే ప్లాన్‌లో ఏం రాయాలో తేలడం లేదు.

అడగదలచుకున్నవి మూడు. తప్పు మనది కానప్పుడు కూడా చరిత్ర లెక్కలోకి వస్తుందా? పాతదాన్ని ఎప్పుడు, ఎంత ఎత్తాలి? ముందుగా ఏయే కాగితాలు సిద్ధంగా ఉండాలి?

కారణం_ఎవరిది:

మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. వస్తుంది. తప్పు మీది కాని సందర్భంలోనే ఎక్కువగా దెబ్బ తీస్తుంది, ఎందుకంటే అక్కడ మీరు తేలిక జవాబుతో బయటపడొచ్చని అనుకుంటారు.

ఏదైనా జరిగినప్పుడు జనం ముందు "ఎవరి వల్ల?" అని చూస్తారు. ఇలాంటిది ఈ సంస్థలో ఇంతకుముందు జరిగిందా, మిగతా పనుల్లోనూ వీళ్ల తీరు ఇంతేనా అని ఆరా తీస్తారు. రెండింటికీ అవుననిపిస్తే పరిస్థితిని వదిలేసి సంస్థనే పట్టుకుంటారు. టిమోతీ కూంబ్స్ రూపొందించిన సందర్భానుసార సంక్షోభ కమ్యూనికేషన్ సిద్ధాంతం, అంటే ఈ రంగంలో అందరూ ఎస్‌సీసీటీ అని పిలిచేది, ఈ లెక్క మీదే నిలబడింది. అందులో సంక్షోభాలు మూడు గుంపులు. సంస్థ కూడా బాధితురాలైనవి మొదటి గుంపు: ప్రకృతి వైపరీత్యం, పుకారు, బయటివాళ్లు సరుకులో విషం కలపడం. అనుకోకుండా జరిగే సాంకేతిక లోపాలు రెండో గుంపు. ఆపగలిగి కూడా ఆపనివి, అంటే మనుషుల నిర్లక్ష్యం, తెలిసి నిబంధనలు తప్పడం, మూడో గుంపు. పాత చరిత్ర ఉంటే కొత్త సంఘటనను ఒక గుంపు ముందుకు జరిపి చూడమని ఆ సిద్ధాంతం చెబుతుంది. బాధితురాలి గుంపులోదాన్ని ప్రమాదంగా, ప్రమాదాన్ని ఆపగలిగిన తప్పుగా భావించి జవాబు తయారు చేసుకోవాలి.

మీ కేసునే తీసుకోండి. వెండర్ సర్వర్ నుంచి లీకవడం మొదటిసారి జరిగితే సాంకేతిక లోపం. రెండోసారి జరిగితే, వెండర్‌ను ఎంచుకున్నదీ, మళ్లీ తనిఖీ చేస్తామన్నదీ మీరే కాబట్టి అది మూడో గుంపు. "మా సొంత సిస్టమ్స్‌కు ఏమీ కాలేదు" అన్న వాక్యం మొదటిసారి వివరణగా వినిపిస్తుంది, రెండోసారి తప్పించుకోవడంలా వినిపిస్తుంది. 2010లో మెక్సికో అఖాతంలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్ పేలినప్పుడు చమురు కంపెనీ బీపీ అధిపతి టోనీ హేవర్డ్ తొలి రోజుల్లో, రిగ్ నడిపింది వేరే కంపెనీ, ఇది తమ ప్రమాదం కాదన్న ధోరణిలో మాట్లాడారు. రిగ్ ట్రాన్స్‌ఓషన్‌ది కావడం నిజమే. కానీ 2005 టెక్సస్ సిటీ రిఫైనరీ పేలుడులో 15 మంది చనిపోయింది బీపీలోనే. ఆ నేపథ్యం ముందు ఆ వాదన నిలబడలేదు.

పాతదీ కొత్తదీ అచ్చం ఒకేలా ఉండాల్సిన అవసరం కూడా లేదు. భోపాల్ తర్వాత, 1985 ఆగస్టులో, అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లో యూనియన్ కార్బైడ్ ప్లాంట్ నుంచి ఇంకో రసాయనం లీకై వంద మందికి పైగా చికిత్స పొందారు. రసాయనం వేరు, దేశం వేరు, నష్టం స్థాయిలో పోలికే లేదు. అయినా ప్రతి వార్తలోనూ భోపాల్ ఉంది. మలేసియా ఎయిర్‌లైన్స్‌కు 2014 మార్చిలో ఎంహెచ్370 మాయమైంది, జులైలో ఎంహెచ్17ను క్షిపణి కూల్చింది. రెండోదానిలో ఆ సంస్థ నిస్సందేహంగా బాధితురాలే. ప్రయాణికులు మాత్రం రెండూ కలిపే లెక్కేసుకున్నారు.

ఇంకో మాట, ఇది చాలామందికి రుచించదు. "మాకు ఇలాంటిది ఇదే మొదటిసారి" అన్న వాక్యం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. కూంబ్స్, హాలడే చేసిన ప్రయోగాల్లో చెడ్డ పేరు నష్టాన్ని పెంచింది, మంచి పేరు మాత్రం తటస్థంగా ఉన్న సంస్థతో పోలిస్తే పెద్దగా కాపాడలేదు. వాళ్లు దాన్ని వెల్క్రో (అంటుకునే పట్టీ) ప్రభావం అన్నారు. చెడు అతుక్కుంటుంది, మంచి అలా అతుక్కోదు. ఆ వాక్యాన్ని టెంప్లేట్ల నుంచి తీసేయండి. పైగా మీ విషయంలో అది అబద్ధం కూడా.

అలాగని అన్నింటికీ పూర్తి క్షమాపణ, పరిహారం అని ప్లాన్‌లో రాసేయకండి. చిన్న అంతరాయానికి కూడా భారీ క్షమాపణ చెబితే "ఇంకా చెప్పనిదేదో ఉంది" అనుకుంటారు. ఒక మెట్టు పెంచండి, రెండు వద్దు. ఆచరణలో తేడా ఇలా ఉంటుంది. చరిత్ర లేని సంస్థ "సమస్యను గుర్తించాం, కారణం చూస్తున్నాం" అని ఊరుకోవచ్చు. చరిత్ర ఉన్న సంస్థ అదే గంటలో, నష్టపోయినవాళ్లు ఇప్పుడేం చేయాలో, తనిఖీ చేస్తున్న బయటివాళ్లు ఎవరో, తర్వాతి సమాచారం ఎన్ని గంటలకు వస్తుందో చెప్పాలి.

పాతఫైలు:

మూడో ప్రశ్న నాకు వదిలేశారు కాబట్టి అదే తీసుకుంటా. ముందు పాత సంక్షోభాల ఫైలు తయారు చేయండి. రెండు మూడు పేజీలకు మించకూడదు, రాత్రి రెండింటికి నిద్రలేచిన డ్యూటీ ఆఫీసర్ చదవగలగాలి. ఒక్కో కేసుకు ఇవి రాయండి: అసలు కారణం, మొదట బయటికి చెప్పిన అంకె, చివరికి తేలిన అంకె, ఇచ్చిన హామీలు, ఒక్కో హామీ నేటి స్థితి, దానికి రుజువుగా ఉన్న కాగితం, ఆ రుజువును అర్ధరాత్రి అయినా ధ్రువీకరించగల మనిషి ఎవరు.

ఎంత వెనక్కి వెళ్లాలి అంటే, ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేంత. సొంత కేసులతో ఆపకండి. మీరు కొన్న కంపెనీల కేసులు, అదే బ్రాండు పేరుతో నడిచే అనుబంధ సంస్థలవి, పెద్ద వెండర్లవి కూడా చేర్చండి. డౌ కెమికల్ 2001లో యూనియన్ కార్బైడ్‌ను కొంది. భోపాల్ ప్లాంట్ ఎన్నడూ తమది కాదు, తాము నడపలేదు అన్నది ఆ కంపెనీ వాదన. అయినా 2012 లండన్ ఒలింపిక్స్‌కు స్పాన్సర్‌గా వచ్చినప్పుడు నిరసనలు చుట్టుముట్టాయి. యాజమాన్య పత్రాలు ఏం చెప్పినా జనం దృష్టిలో చరిత్ర కూడా ఆస్తులతో పాటే చేతులు మారుతుంది.

ఈ ఫైలులో అన్నిటికన్నా ముఖ్యం హామీల కాలమ్. రెండో సంక్షోభంలో మిమ్మల్ని ముంచేది పాత తప్పు కాదు, పాత హామీ. టెక్సస్ సిటీ తర్వాత 2007 జనవరిలో బీపీ రిఫైనరీల భద్రతపై జేమ్స్ బేకర్ కమిటీ నివేదిక వచ్చింది. అదే ఏడాది పగ్గాలు చేపట్టిన హేవర్డ్ భద్రతే తన మొదటి పని అన్నారు. 2009 అక్టోబరులో, సరిచేస్తామన్నవి సరిచేయలేదంటూ అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా అదే రిఫైనరీకి 8.7 కోట్ల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. ఆరు నెలలు తిరక్కుండానే డీప్‌వాటర్ హొరైజన్‌లో 11 మంది చనిపోయారు. ఆ వరుస ముందు "భద్రతకు కట్టుబడి ఉన్నాం" అన్న వాక్యాన్ని ఎవరు నమ్ముతారు?

హామీ నెరవేరిందని టిక్ పెట్టేసినవి కూడా మళ్లీ చూడండి. 1986లో అంతరిక్ష నౌక చాలెంజర్ పేలాక దర్యాప్తు సంఘం సూచన మీద నాసా ఒక భద్రతా విభాగం పెట్టింది. 2003లో ఇంకో నౌక కొలంబియా కూలాక వచ్చిన నివేదిక, ఆ విభాగానికి నిజమైన స్వతంత్రత లేదని తేల్చింది. రెండు ప్రమాదాల మధ్య పోలికలకే ఆ నివేదికలో ఒక అధ్యాయం ఉంది. అంటే హామీ కాగితం మీద నెరవేరింది, ఆచరణలో కరిగిపోయింది. కాబట్టి స్థితి అన్న గడిలో "అయింది" అన్న మాట వద్దు. "వెండర్ల తనిఖీ ఏటా రెండుసార్లు, చివరిది ఫలానా తేదీ, నివేదిక ఫలానా చోట" అని రాయాలి. రాయలేకపోతే ఆ హామీ నెరవేరనట్టే. దాన్ని సంక్షోభం వచ్చాక కాదు, ఇప్పుడే సరిచేయమని బోర్డుకు చెప్పాలి. ఈ పని పీఆర్ వాళ్లది కాదంటారు. అక్కడే చాలా ప్లాన్లు చచ్చుబడతాయి.

అంకెల కాలమ్ ఎందుకంటే: ఒకసారి అంకె తక్కువ చెప్పి తర్వాత పెంచిన సంస్థ, రెండోసారి ఏ అంకె చెప్పినా జనం మనసులోనే దాన్ని పెంచుకుంటారు. యాహూ 2016 సెప్టెంబరులో 50 కోట్ల ఖాతాల లీక్ అంది. డిసెంబరులో ఇంకో పాత లీక్ బయటపెట్టి 100 కోట్లు అంది. 2017 అక్టోబరులో దాన్నే 300 కోట్లకు సవరించింది. మధ్యలో, యాహూను కొంటున్న వెరైజన్ ఇవ్వాల్సిన ధర 35 కోట్ల డాలర్లు తగ్గింది. ఇలాంటి గతం ఉంటే ఒకే అంకె చెప్పకండి. "ఇంతవరకు ధ్రువీకరించినవి ఇన్ని, ఇంకా పరిశీలించాల్సిన సర్వర్లు ఇన్ని, సంఖ్య పెరగవచ్చు" అని మూడు ముక్కలుగా చెప్పండి.

పదాల విషయంలోనూ ఇదే. జపాన్ కంపెనీ టెప్కోలో అణు రియాక్టర్ల తనిఖీ రికార్డులు తారుమారు చేసిన వ్యవహారం 2002లో బయటపడింది. 2003 ఏప్రిల్‌ నాటికి దాని 17 రియాక్టర్లూ తనిఖీల కోసం ఆగాయి. 2007 భూకంపం తర్వాత కషివజాకి ప్లాంట్‌లో లీకైన రేడియోధార్మికత గురించి మొదట తక్కువగా చెప్పిన లెక్కను పైకి సవరించుకోవాల్సి వచ్చింది. అంత చరిత్ర ఉండి కూడా 2011లో ఫుకుషిమాలో ఇంధనం కరిగిపోయిందన్న మాటను రెండు నెలలు దాటవేసింది. ఆ మాట వాడొద్దని పైనుంచి ఆదేశం వెళ్లిందని 2016లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. నిపుణులు బయట వాడుతున్న మాటను మీ ప్రకటన మాత్రమే తప్పించుకుంటే, అది కూడా దాచిపెట్టడం కిందకే వస్తుంది. మీ కేసులో ఆ మాట "లీక్". "అనధికార ప్రవేశ ఘటన" అని రాసి ఎవరినీ నమ్మించలేరు.

డ్రాఫ్ట్_ఏడు:

ఇద్దరికీ ధన్యవాదాలు. హామీల స్థితి ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు, అది ముందు మొదలుపెడతాం. రెండో ప్రశ్న మిగిలింది. పాతదాని పేరు ఎత్తితే అదే పద్ధతి కొనసాగుతోందని ఒప్పుకున్నట్టవుతుందని లీగల్ వాళ్ల పట్టు. పైగా ఆ ఫైలు రాస్తే అదే రేపు కోర్టులో మన మీదికి వస్తుందంటున్నారు.

సంతకానికి_ముందు:

మీ లీగల్ వాళ్ల భయం ఒట్టిది కాదు. కానీ దానికి మందు మౌనం కాదు.

ముందు ఫైలు సంగతి. దాన్ని న్యాయ సలహాదారు కోరిక మీద, వాళ్ల చేతి కింద తయారు చేయించండి. దానికి ఎంత రక్షణ ఉంటుందన్నది ఆయా దేశాల చట్టాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రేపు బయటపడినా తల దించుకోనక్కరలేని భాషలో రాయండి. తేదీలు, చర్యలు, రుజువులు మాత్రమే ఉండాలి. "అప్పట్లో నిర్లక్ష్యం చేశాం అనిపిస్తోంది" లాంటి అభిప్రాయాలు వద్దు. పాత కేసు రాజీతో ముగిసి ఉంటే ఆ ఒప్పందం బయటికి తీసి మూడు షరతులు చూడండి: గోప్యత, తప్పు ఒప్పుకోలేదన్న నిబంధన, ఎదుటి పక్షాన్ని విమర్శించకూడదన్న నిబంధన. పాత వెండర్ మీద ఒక్క మాట తూలినా మూడోది మిమ్మల్ని కొత్త కేసులోకి లాగుతుంది. ఈ మూడూ తెలియకుండా పాతదాని గురించి ఎవరూ నోరు మెదపకూడదు. ఇక్కడ ఏజెన్సీ వాళ్లు తొందరపడుతున్నారు.

ఎప్పుడు ఎత్తాలి అన్నదానికి నా లెక్క ఇది. మొదటి గంటలో వెళ్లే హోల్డింగ్ స్టేట్‌మెంట్‌లో (వివరాలు తేలకముందు ఇచ్చే చిన్న ప్రకటనలో) వద్దు. అప్పటికి కారణం తెలియదు. పాతదాన్ని మీరే తెచ్చి పక్కన పెడితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది, ఎవరూ కలపని రెండింటినీ మీరే కలిపినవాళ్లవుతారు. ఆ తర్వాత, కారణం పాతదాని తరహాదే అని ప్రాథమికంగా తేలినా, కారణం తేలకముందే బయట పోలిక మొదలైనా, రెండో ప్రకటనలో మీరే చెప్పాలి. విలేకరి అడిగాక చెబితే బయటపెట్టినట్టు కాదు, పట్టుబడినట్టు ఉంటుంది. సంబంధం లేని సంఘటన అయితే ప్రకటనలో పెట్టకండి, ప్రశ్నోత్తరాల పత్రంలో మాత్రం జవాబు సిద్ధంగా ఉండాలి.

ఎంత చెప్పాలి? మూడు వాక్యాలు చాలు. జరిగినది, చేసినది, తేలాల్సినది. ఉదాహరణకు:

"ఫలానా ఏడాది మా వెండర్ సర్వర్ నుంచి కస్టమర్ల వివరాలు లీకయ్యాయి. ఆ తర్వాత ఐదు చర్యలు ప్రకటించాం, వాటిలో నాలుగు పూర్తయ్యాయి, ఐదోది ఇంకా పూర్తి కాలేదు. నేటి ఘటనకు ఆ పాత లోపంతో సంబంధం ఉందా అన్నది బయటి నిపుణులు పరిశీలిస్తున్నారు, తెలిసింది తెలిసినట్టు ఫలానా రోజు చెబుతాం."

దీనిలో చట్టపరంగా కొత్తగా ఒప్పుకున్నది ఏమీ లేదు. మొదటి వాక్యం ఇప్పటికే అందరికీ తెలిసినది. రెండోది రుజువున్నది. మూడోది ప్రశ్నను ప్రశ్నగానే ఉంచింది. "ఐదోది పూర్తి కాలేదు" అన్న ముక్కను లీగల్ వాళ్లు కొట్టేయాలంటారు. నా మాట వినండి, దాన్ని ఉంచండి. దాన్ని వేరేవాళ్లు బయటపెడితే మిగతా నాలుగూ అబద్ధమే అనుకుంటారు.

వాడకూడని వాక్యాలూ ప్లాన్‌లో రాసిపెట్టండి. "రెండింటికీ ఏ సంబంధమూ లేదు" అని తొలి రోజుల్లో అనొద్దు. కొలంబియా కూలిన నాలుగైదు రోజులకే షటిల్ కార్యక్రమ అధికారి ఒకరు, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క తగలడం అసలు కారణమై ఉంటుందని తమకు అనిపించడం లేదన్నారు. చివరికి అదే కారణమని తేలింది. నాసా ఆ రోజుల్లో రోజూ విలేకరుల ముందుకొచ్చి చాలెంజర్ నాటికన్నా ఎంతో మెరుగ్గా మాట్లాడింది, కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ ఒక్క మాట. "పూర్తి నమ్మకం ఉంది" కూడా వద్దు. 2019 మార్చిలో రెండో 737 మ్యాక్స్ విమానం కూలాక బోయింగ్ ఆ అర్థంలో ప్రకటన ఇచ్చింది, మర్నాడే అమెరికా ఆ విమానాలను నేలమీద నిలిపేసింది. అదే బోయింగ్ 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం డోర్ ప్లగ్ (తలుపు స్థానంలో బిగించే పలక) ఊడిపోయినప్పుడు నాలుగు రోజుల్లోనే, తమ తప్పును ఒప్పుకుంటున్నామని సీఈఓ ద్వారా చెప్పించింది. రెండు కూలిపోవడాల్లో 346 మంది పోయిన తర్వాత, అందులో ఎవరూ చనిపోకపోయినా, ఇంకో దారి దానికి మిగల్లేదు.

పాతఫైలు:

సంతకానికి_ముందు గారు చెప్పినదానితో ఒక్కచోట ఏకీభవించను. హోల్డింగ్ స్టేట్‌మెంట్‌లో పాతది వద్దు అన్నది జనానికి వెళ్లే ప్రకటన వరకు సరే. నియంత్రణ సంస్థకు, పాత లీక్‌లో నష్టపోయిన కస్టమర్లకు వెళ్లే సందేశాలు వేరు. పాత కేసులో ఆదేశాలు ఇచ్చిన నియంత్రణ సంస్థకు చేసే మొదటి ఫోన్‌లోనే ఆ ఆదేశం గుర్తుచేయాలి, వాళ్ల దగ్గర ఆ ఫైలు తెరిచే ఉంటుంది. రెండోసారి కూడా పేరున్న కస్టమర్లకు మామూలు ఈమెయిల్ పంపితే వాళ్లే ముందు మీడియాకు ఎక్కుతారు. పాత జాబితాను కొత్తదానితో పోల్చి, రెండింటిలో ఉన్నవాళ్లను వేరు చేసి, వాళ్లకు విడిగా రాయండి. హెల్ప్‌లైన్ సిబ్బంది స్క్రిప్టులో పాత కేసు గురించి రెండు లైన్లు లేకపోతే ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు.

ముందే షెడ్యూల్ చేసిన పోస్టులు, ప్రకటనలు ఆపే అధికారం ఎవరికి ఉందో కూడా రాయండి, చరిత్ర ఉన్న సంస్థకు మామూలు ప్రచారం కూడా ఎదురుతిరుగుతుంది. రెండు విమానాలు పోగొట్టుకున్న ఏడాదే, 2014 సెప్టెంబరులో, మలేసియా ఎయిర్‌లైన్స్ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో "చనిపోయేలోపు చేయాలనుకున్నవి" అన్న అర్థమొచ్చే పేరుతో పోటీ పెట్టి, విమర్శలొచ్చాక పేరు తీసేయాల్సి వచ్చింది.

కారణం_ఎవరిది:

దీనికి ఒక చేర్పు: మొదటి సంక్షోభంలో మీరు చెప్పే పరిష్కారమే రెండోదానికి బీజం కావచ్చు. శాంసంగ్ 2016 సెప్టెంబరులో నోట్ 7 ఫోన్లు 25 లక్షలు వెనక్కి తీసుకుని, వేరే బ్యాటరీలున్న ఫోన్లు సురక్షితమని మార్చి ఇచ్చింది. అవీ కాలాయి, అక్టోబరులో మోడలే ఆపేసింది. రెండు కంపెనీల బ్యాటరీల్లో రెండు వేరు లోపాలున్నాయని తర్వాత తేలింది. అసలు కారణం ధ్రువీకరించకముందు "ఇక సమస్య ఉండదు" అనకూడదు, "ఇంతవరకు చేసిన పరీక్షలు ఇవి" అనాలి.

మంచి చరిత్ర గురించీ భ్రమలు వద్దు. 1982లో నొప్పి మందు టైలెనాల్ క్యాప్సూళ్లలో ఎవరో సైనైడ్ కలిపి 7 మంది చనిపోయినప్పుడు జాన్సన్ అండ్ జాన్సన్ 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకుంది. 1986లో మళ్లీ ఒకరు చనిపోతే ఆ క్యాప్సూళ్ల అమ్మకాన్నే ఆపేసింది. రెండోసారి మెట్టు పెంచడమంటే అదే, మొదటిసారి తెచ్చిన సీలు చాలలేదని చేతల్లో ఒప్పుకుంది. అదే సంస్థ కిందున్న మెక్‌నీల్ 2009లో లోపమున్న మోట్రిన్ అనే నొప్పి మందును రీకాల్ అనకుండా కాంట్రాక్టు మనుషులతో దుకాణాల్లో గుట్టుగా కొనిపించింది. మరుసటి ఏడాది 2010లో ఆ విషయం అమెరికన్ కాంగ్రెస్ విచారణకు వచ్చినప్పుడు 1982 పేరు దాన్ని కాపాడలేదు, పోల్చి తిట్టడానికి కొలబద్ద అయింది.

డ్రాఫ్ట్_ఏడు గారూ, మీ ఐదు హామీల్లో వెండర్ల తనిఖీకి సంబంధించినది ముందు చూడండి. రెండో లీక్ వస్తే అందరూ అడిగే మొదటి కాగితం చివరి తనిఖీ నివేదికే. అది ఏడాదికన్నా పాతదైతే, ప్లాన్ రాయడం ఆపి ముందు తనిఖీ పెట్టించండి.